సింప్సన్ ఎడారిలో కాన్వాయ్ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, జూలై సెలవులకు సింప్సన్ దాటాలనుకుంటున్నాం. ఆరు బళ్లు రెడీ. నువ్వు ముందుంటే చాలు" అంటారు. మెల్‌బోర్న్ నుంచి కొందరు, సిడ్నీ నుంచి కొందరు. అందరూ మంచి డ్రైవర్లే. కానీ పది నిమిషాలు మాట్లాడేసరికి ఎడారి గురించి వాళ్లు నమ్ముతున్న కొన్ని మాటలు బయటికొస్తాయి. ఏటా అవే మాటలు. నేను అడిలైడ్‌లో ఉంటాను, పన్నెండేళ్లుగా చలికాలంలో బళ్ల గుంపులతో ఆ దారిన వెళ్లొస్తున్నాను. ఫోన్‌లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పేది ఈసారి ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ నేల గురించి కాస్త. దక్షిణ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ, క్వీన్స్‌ల్యాండ్ మూడూ కలిసే చోట ఉంది సింప్సన్ ఎడారి. సుమారు 1,76,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. అందులో 1,100కు పైగా ఇసుక దిబ్బలు ఉత్తరం నుంచి దక్షిణానికి పక్కపక్కనే సాగి ఉంటాయి. మనం వాటిని అడ్డంగా దాటాలి. దున్నిన చేలో చాళ్ల వెంట కాకుండా చాళ్లకు అడ్డంగా పడి నడిచినట్టు ఉంటుంది. పడమర వైపు మౌంట్ డేర్‌లో డీజిల్ పోయించుకుంటే, మళ్లీ తూర్పున బర్డ్స్‌విల్ ఊళ్లోనే. మధ్యలో సుమారు 500 కిలోమీటర్లు. నాలుగైదు రోజుల దారి. అందులో బంకు లేదు, కొట్టు లేదు, తాగునీటి కుళాయి లేదు.

అపోహ: గుంపుగా వెళ్తున్నాం కదా, మన దగ్గర లేనిది పక్క బండిలో ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. మిగతావాటిలో సగం దీనికి పుట్టినవే.

నా రెండో ప్రయాణంలో ఐదు బళ్లు, పదిహేడు మంది. ఒక బండిలో 60 లీటర్ల నీళ్ల ట్యాంకు బిగించి ఉంది. అది ఉందన్న ధైర్యంతో మిగతా వాళ్లు తలా కొన్ని బాటిళ్లు పెట్టుకొచ్చారు. రెండో రాత్రి క్యాంపులో బియ్యం కడుగుదామని కుళాయి తిప్పితే చుక్క రాలేదు. గతుకులకు కింద పైపు జాయింటు వదులై దారి పొడవునా కారిపోయింది. అన్ని బళ్లలో బాటిళ్లు దించి టార్చి వెలుగులో లెక్కపెట్టాం. 48 లీటర్లు. మనిషికి మూడు లీటర్లు కూడా లేవు, ముందు ఇంకా మూడు రోజుల దారి ఉంది. మర్నాడు పొద్దున్నే బళ్లు వెనక్కి తిప్పాం. పిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తప్పు ట్యాంకు ఉన్నవాళ్లది కాదు. ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకున్నారో లేదో బయల్దేరే ముందే లెక్క చూడాల్సింది ముందు బండిలో ఉన్న నేను.

వాస్తవం: కాన్వాయ్‌లో ప్రతి బండీ తాను ఒక్కతే వెళ్తున్నట్టు సర్దుకోవాలి. తన డీజిల్, తన నీళ్లు (మనిషికి రోజుకు 10 లీటర్లు, పైన మూడు రోజులకు సరిపడా అదనం), తన తిండి, తన స్టెప్నీలు (రెండు ఉంటే మంచిది), జాకీ, ఇసుకలో జాకీ కింద పెట్టడానికి చెక్క పలక, పార, కంప్రెసర్, గాలి కొలిచే గేజి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, బండికీ బండికీ మధ్య మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ రేడియో. నీళ్లు ఒకే ట్యాంకులో కాకుండా రెండు మూడు క్యాన్లలో విడివిడిగా పెట్టుకోవాలి. పంచుకోదగ్గవి కొన్నే: పెద్ద పనిముట్లు, లాగే పట్టీలు, శాటిలైట్ ఫోను. అవి కూడా రెండేసి, రెండు వేర్వేరు బళ్లలో. ఒక బండికి నిప్పంటుకుంటే అందులో ఉన్నవన్నీ పోతాయి.

ఇప్పుడు నేను బయల్దేరే ముందు రోజు ప్రతి బండి డిక్కీ తెరిపించి చూస్తాను. కొందరికి అవమానంగా అనిపిస్తుందని తెలుసు. అయినా చూస్తాను.

అపోహ: ఎడారి కదా, ఎండకు సిద్ధమైతే చాలు.

మనం వెళ్లే జూన్, జూలైల్లో అక్కడ పగలు హాయిగా ఉంటుంది. రాత్రి సున్నా కిందికి కూడా దిగుతుంది, తెల్లారేసరికి టెంటు మీద మంచు పేరుకుంటుంది. పలచటి దుప్పట్లతో వచ్చిన పిల్లలు వణకడం చూశాను. ఎండాకాలం వెళ్దామన్నా కుదరదు. దక్షిణ ఆస్ట్రేలియా వైపు ఎడారి నేషనల్ పార్కును ఏటా డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు మూసేస్తారు. మిగతా రోజుల్లో వెళ్లడానికి డెజర్ట్ పార్క్స్ పాస్ కొనుక్కోవాలి.

అపోహ: టైర్లో గాలి తగ్గిస్తే టైరు పాడైపోతుంది.

ఈ ఒక్క విషయం మీద నేను ఎంత మాట్లాడినా తక్కువే అనిపిస్తుంది. ఎందుకంటే ఇసుకలో బండి దిగబడితే నేను మొదట అడిగేది "గాలి ఎంత ఉంది?" అనే. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

తారు రోడ్డు మీద 36, 38 పీఎస్ఐ ఉన్న టైరు గట్టిగా, గుండ్రంగా ఉంటుంది. బండి బరువంతా అరచేయంత చోట పడుతుంది. మెత్తటి ఇసుకలో ఆ టైరు కత్తిలా దిగుతుంది. అదే 16, 18 పీఎస్ఐకి దించితే టైరు ముందుకూ వెనక్కీ సాగి, నేలను తాకే చోటు పొడవవుతుంది. ఒంటె పాదం చూడండి. అడుగు వేయగానే పరుచుకుంటుంది, అందుకే దానికి ఇసుక లెక్క కాదు. టైరుతో మనం చేసేదీ అదే.

పాడయ్యేది ఎప్పుడంటే, తక్కువ గాలితో వేగంగా పోయినప్పుడు. టైరు పక్కలు మడతపడి వేడెక్కి చీలిపోతాయి. కాబట్టి ఆ గాలితో 40 దాటకూడదు, మలుపులు మెల్లగా తీసుకోవాలి, లేకపోతే రిమ్ము నుంచి టైరు ఊడొస్తుంది. గట్టి నేల రాగానే మళ్లీ గాలి కొట్టుకోవాలి. ప్రతి బండికీ కంప్రెసర్ ఉండాలనేది ఇందుకే. ఒకే కంప్రెసర్‌తో ఆరు బళ్లకు, ఇరవై నాలుగు టైర్లకు గాలి కొడుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది.

ఇంకో సంగతి. ఎడారిని అడ్డంగా దాటే ఫ్రెంచ్ లైన్ అనే దారి మీద దిబ్బ ఎక్కే చోట వరసగా గుంతలు పడి ఉంటాయి, బండి గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. అవి గాలికి పడినవి కావు. గాలి దించకుండా వచ్చిన బళ్ల చక్రాలు జారి, ఎగిరి తవ్వినవి. మనం బద్ధకించి దించకపోతే మన వెనక వచ్చేవాళ్లందరికీ దారి పాడు చేసినట్టే.

అపోహ: దిబ్బ ఎక్కాలంటే స్పీడుగా దూకించాలి.

వాస్తవం: కావాల్సింది ఆగని నడక. లో రేంజ్‌లో (వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ ఉండే గేర్ల వరస) రెండో గేరో మూడో గేరో వేసి, కిందనే ఊపు అందుకుని, నెత్తి దగ్గరికి వచ్చేసరికి కాలు తీయాలి. అవతల ఏముందో మీకు కనపడదు. ఆకాశం తప్ప ఏమీ కనపడని ఆ రెండు సెకన్లలో ఎదురుగా ఇంకో బండి ఉండొచ్చు. అందుకే బండికి జెండా తప్పనిసరి, దాని పైకొన నేల నుంచి 3.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. రేడియో 10వ ఛానల్‌లో పెట్టుకుని "ఆరు బళ్లు, ఫ్రెంచ్ లైన్, తూర్పు వైపు" అని అప్పుడప్పుడు చెబుతూ ఉండాలి. మనవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఆ ఛానల్‌లో పాటలు, జోకులు వద్దు. ఎదురొచ్చే ముసలి దంపతుల బండి చెప్పే ఒక్క ముక్క మీకు వినపడాలి.

ఎక్కలేకపోతే ఎక్కలేదని ఒప్పుకుని, రివర్స్ వేసి, వచ్చిన చాళ్లలోనే తిన్నగా దిగాలి. దిబ్బ మీద పక్కకు తిప్పితే బండి పల్టీ కొడుతుంది. ముందు బండి దిబ్బ దాటి "క్లియర్" అని చెప్పేదాకా వెనక బండి ఎక్కడం మొదలుపెట్టకూడదు.

పడమర నుంచి తూర్పుకు వెళ్లమని కొత్తవాళ్లకు చెప్పడానికి కారణం కూడా దిబ్బలే. వాటి తూర్పు ముఖం నిటారుగా, పడమటి ముఖం వాలుగా ఉంటుంది. పడమటి చివర దిబ్బలు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. తూర్పుకు పోయేకొద్దీ వాటి ఎత్తూ, మధ్య దూరమూ పెరుగుతాయి. చేయి తిరిగాక పెద్దవి వస్తాయన్నమాట. అన్నిటికంటే చివర, బర్డ్స్‌విల్‌కు 35 కిలోమీటర్ల ముందు, సుమారు 40 మీటర్ల ఎత్తున బిగ్ రెడ్ నిలబడి ఉంటుంది. దాన్ని ఎక్కి తీరాలని పట్టుదలకు పోవద్దు, చుట్టూ సులువు దారి ఉంది.

అపోహ: మాది ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ, సరిపోతుంది.

సరిపోదు. లో రేంజ్ గేరు, కింద ఎత్తు, గట్టి ఛాసీ కావాలి. అద్దె బండి తీసుకుంటే ఒప్పందం మొత్తం చదవండి. చాలా కంపెనీలు ఈ దారులకు ఒప్పుకోవు, ఇన్సూరెన్స్ చెల్లదు. ఎడారి మధ్యలో బండి ఆగిపోతే బయటికి లాగించడానికి వేల డాలర్లు అవుతాయి.

అపోహ: ఎంత సామాను ఉంటే అంత భద్రం.

పైన అన్ని వస్తువులు చెప్పి ఈ మాట అంటే విడ్డూరంగా అనిపించొచ్చు. కానీ నీళ్లు, డీజిల్ పెట్టాక మిగిలే బరువు చాలా తక్కువ. 100 లీటర్ల డీజిల్ 80 కిలోలకు పైనే. టాప్ మీద క్యారియర్ నింపితే బండి దిబ్బ మీద ఒక పక్కకు ఒరుగుతుంది, గతుకుల్లో క్యారియర్ విరిగిపోతుంది. మొత్తం సర్దాక మనుషులతో సహా బండిని తూకం వేయించి, తయారీదారు ఇచ్చిన గరిష్ట బరువుతో పోల్చి చూసుకోండి. మనవాళ్లు మొదట దించాల్సింది పెద్ద గిన్నెలు, రెండో స్టవ్వు, మడత కుర్చీల గుట్ట. ట్రైలర్ అసలు తేవద్దు.

అపోహ: నా బండి ఫుల్ ట్యాంకుకు 900 కిలోమీటర్లు వస్తుంది, క్యాన్లు ఎందుకు?

ఆ 900 తారు రోడ్డు లెక్క. నా ప్రాడో హైవే మీద 100 కిలోమీటర్లకు 11 లీటర్లు తాగితే, ఇసుకలో 17 నుంచి 20 తాగుతుంది. వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటని రోజులు ఉంటాయి. పైగా దారి మూసుకుపోతే వెనక్కి రావాలి. 500 కిలోమీటర్లకు నేను 130 లీటర్లకు తగ్గకుండా చూసుకుంటాను. కొలతలో చిన్న తప్పు దూరం మీద ఎంతవుతుందో చెప్పడానికి ఆ ఎడారిలోనే ఒక గుర్తు ఉంది. మూడు సరిహద్దులు కలిసే పోపెల్ కార్నర్ దగ్గర, 1880లో అగస్టస్ పోపెల్ అనే సర్వేయర్ గొలుసుతో కొలుచుకుంటూ వచ్చి గుంజ పాతారు. ఆ గొలుసు ఒక్క అంగుళం సాగి ఉందని తర్వాత తేలింది. గుంజ అసలు చోటికి సుమారు 300 మీటర్ల పడమరగా, ఉప్పు సరస్సులో పడింది. తర్వాత దాన్ని సరైన చోటికి మార్చారు. మీ బండి లీటరుకు ఎంత ఇస్తుందో బయల్దేరే ముందు వారాంతంలో ఏదైనా ఇసుక తీరంలో నడిపి చూసుకోండి.

అపోహ: దిగబడితే ఏముంది, తాడు కట్టి వెనక బండితో లాగిస్తే వచ్చేస్తుంది.

వస్తుంది. కానీ ఆ తాడు ఎక్కడ కడుతున్నారన్నదాని మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

వెనక ట్రైలర్ తగిలించే టో బాల్ అనే ఇనుప గుండుకు స్నాచ్ స్ట్రాప్ (సాగే లాగుడు పట్టీ) ఎప్పుడూ తగిలించకండి. ఆ గుండు ట్రైలర్‌ను నెమ్మదిగా లాగడానికి చేసింది. రబ్బరులా సాగి ఒక్కసారిగా గుంజే పట్టీ బలానికి అది విరిగితే, ఇనుప గుండు ఫిరంగిలోంచి వచ్చినట్టు అద్దం చీల్చుకుని లోపలికి వస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలా మనుషులు చనిపోయారు. బండి ముందు కింద కనిపించే కొక్కేలు కూడా పనికిరావు. చాలా బళ్లకు అవి ఓడలో బండిని కట్టి ఉంచడానికి పెట్టినవి. ఛాసీకి బిగించిన, ఇంత బరువు మోస్తుందని రాసి ఉన్న రికవరీ పాయింట్లే వాడాలి. పట్టీ మధ్యలో బరువు దుప్పటి వేయాలి, ఇద్దరు డ్రైవర్లు తప్ప మిగతా అందరూ పక్కకు, పట్టీ పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంగా నిలబడాలి. పిల్లలు వీడియో తీస్తామంటారు. దిబ్బ పక్కన దూరంగా నిలబడి తీయమనండి, పట్టీకి ఎదురుగా వద్దు.

అసలు లాగడం చివరి మార్గం. చక్రం తిరిగిపోతూ బండి కదలకపోతే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి. గాలి ఇంకో రెండు మూడు పీఎస్ఐ దించండి. నాలుగు చక్రాల ముందూ ఇసుక పారతో తీయండి. చక్రాల కింద పట్టు కోసం ట్రాక్షన్ పలకలు పెట్టండి. నా అనుభవంలో పదిలో ఎనిమిది సార్లు పట్టీ అవసరమే రాలేదు.

అపోహ: ఇప్పుడు ఫోన్లోనే శాటిలైట్ వచ్చేసింది, టెన్షన్ లేదు.

కొత్త ఫోన్లతో అత్యవసర మెసేజ్ పంపొచ్చు, మంచిదే. కానీ ఫోను పగలొచ్చు, చార్జింగ్ అయిపోవచ్చు, అన్ని ఫోన్లకూ ఆ సౌకర్యం లేదు. మామూలు సిగ్నల్ మధ్య దారిలో ఉండదు. నేను పీఎల్‌బీ అనే చిన్న బీకన్ ఒంటి మీదే ఉంచుకుంటాను. 406 మెగాహెర్ట్జ్ మీద అది శాటిలైట్‌కు పిలుపు పంపుతుంది, ఆస్ట్రేలియన్ మారిటైమ్ సేఫ్టీ అథారిటీ వాళ్లు అందుకుంటారు. అక్కడ దాన్ని ఉచితంగా రిజిస్టర్ చేసుకుని, ప్రయాణం వివరాలు కూడా రాసిపెట్టొచ్చు. అది ప్రాణాపాయానికి మాత్రమే. గేర్‌బాక్స్ పోతే నొక్కేది కాదు, దానికి శాటిలైట్ ఫోను. 1928లో క్లాన్‌కర్రీ నుంచి మొదలైన రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానాలు ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. అయినా అవి దిగడానికి రన్‌వే కావాలి, మీరు ఎక్కడున్నారో చెప్పగలగాలి. ప్రతి క్యాంపులో ఆ చోటు అక్షాంశం, రేఖాంశం కాగితం మీద రాసి డాష్‌బోర్డ్‌లో పెట్టే అలవాటు చేసుకోండి.

అపోహ: బండి ఆగిపోతే నడిచి వెళ్లి సాయం తెచ్చుకోవచ్చు.

1963 డిసెంబర్‌లో బర్డ్స్‌విల్ ట్రాక్ మీద పేజ్ కుటుంబం దారి తప్పింది, పెట్రోలు అయిపోయింది. ఐదుగురూ బండి వదిలి నడిచారు. ఐదుగురూ దాహంతో చనిపోయారు. ఆకాశం నుంచి వెతికేవాళ్లకు మనిషి కనపడడు, బండి కనపడుతుంది. బండి నీడ ఇస్తుంది, మీ నీళ్ల క్యాన్లు అందులోనే ఉంటాయి, అద్దం తిప్పితే మెరుస్తుంది. బండిని వదలకండి. మా గుంపులో ఈ మాట పిల్లలకు కూడా నేర్పుతాం.

అపోహ: సర్వీసింగ్ చేయించాం, ఇంక బండి గురించి చూడక్కర్లేదు.

స్పినిఫెక్స్ అనే ముళ్ల గడ్డి దారి మధ్యలో పెరుగుతుంది. దాని ఎండు పుల్లలు, గింజలు బండి కింద, సైలెన్సర్ పైపు పక్కన ఇరుక్కుంటాయి. పైపు వేడికి అంటుకుంటే బండి నిమిషాల్లో బూడిద. ఆగినప్పుడల్లా వంగి చూడాలి, తీగ కొక్కెంతో లాగేయాలి. ఒక సాయంత్రం మా వెనక బండి కింద నుంచి పొగ వాసన రావడం పక్క సీటులో ఉన్న అమ్మాయి పసిగట్టింది. పుల్లలు అప్పటికే నల్లబడుతున్నాయి. అప్పటి నుంచి ప్రతి బండిలో మంటలార్పే సిలిండర్‌ను డ్రైవరుకు అందే చోట పెట్టిస్తున్నాను.

అపోహ: వాన పడని చోట దారి మూసేయడం ఏంటి?

ఏడాదికి సగటున 150 మిల్లీమీటర్ల వాన అంటే తక్కువే. కానీ దిబ్బల మధ్య ఉన్నది బంకమట్టి. ఒక్క వానకే జిగటగా మారి చక్రాలను పట్టేస్తుంది. వాన ఇక్కడ పడనక్కర్లేదు కూడా. క్వీన్స్‌ల్యాండ్‌లో ఎక్కడో పడిన నీరు వారాల తర్వాత ఐర్ క్రీక్‌కు వచ్చి దారి ముంచుతుంది, అప్పుడు చాలా చుట్టు తిరిగి రావాలి. మూసిన రోడ్డు మీద నడిపితే జరిమానా పడుతుంది. సెలవు అయిపోతోందని మూసిన దారిలోకి దూరే గుంపుతో నేను వెళ్లను, ఎంత దగ్గరివాళ్లయినా.

తిండి విషయంలో ఒకటే చెబుతాను. మెల్‌బోర్న్ నుంచి వచ్చేవాళ్లు వంకాయలు, టమాటాలు, పచ్చిమిర్చి పెట్టుకొస్తారు. దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దులో పండు ఈగ కోసం తనిఖీ ఉంటుంది, ఇవన్నీ ఆ ఈగ గుడ్లు పెట్టే కాయలే. తీసి పారేస్తారు, దాస్తే జరిమానా. పోర్ట్ ఆగస్టా వచ్చాక కొనుక్కోండి. కందిపొడి, చింతపండు, ఊరగాయ ఉంటే ఎడారిలో ఏ లోటూ ఉండదు. చెత్త మొత్తం సంచిలో కట్టి వెనక్కి తేవాలి, పార్కులో కట్టెలు ఏరకూడదు.

అపోహ: అక్కడ ఏముంది, ఖాళీ ఎడారి.

ఈ మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ నేల పేరు ముంగా-థిర్రి. వాంగ్‌కంగుర్రు భాషలో పెద్ద ఇసుక దిబ్బల దేశం అని అర్థం. వాంగ్‌కంగుర్రు వాళ్లు ఆ దిబ్బల మధ్య బతికారు. మికిరి అనే సన్నటి లోతైన బావులు తవ్వుకుని, ఏ బావి ఎక్కడుందో పాటల్లో, కథల్లో పిల్లలకు నేర్పారు. 1886లో డేవిడ్ లిండ్సే అనే అన్వేషకుడు ఆ బావుల దగ్గరికి వెళ్లగలిగింది ఒక వాంగ్‌కంగుర్రు మనిషి దారి చూపితేనే. 1900 ప్రాంతంలో వాళ్లు ఎడారి వదిలి అంచుల్లోని పశువుల స్టేషన్లకు వెళ్లిపోయారు, వారసులు నేటికీ ఉన్నారు. ఎడారిని దాటిన మొదటి యూరోపియన్ అని టెడ్ కోల్సన్ పేరు చెబుతారు. 1936లో ఆయన ఒంటెల మీద దాటినప్పుడు పక్కన ఉన్నది పీటర్ ఐన్స్ అనే ఆదివాసీ. ఆ ఒంటెలు ఈ దేశానికి వచ్చిందీ మన వైపు నుంచే. అప్పటి బ్రిటిష్ ఇండియా, అఫ్గానిస్తాన్‌ల నుంచి ఒంటెలతో పాటు వచ్చిన, వాటిని తోలేవాళ్లే రైలు లేని ఆ లోపలి ఊళ్లకు సరుకులు మోశారు. మౌంట్ డేర్‌కు వెళ్లే దారిలో మారీ ఊళ్లో వాళ్ల మసీదు గుర్తుగా కట్టిన చిన్న నిర్మాణం ఉంది. మా గుంపు అక్కడ ఆగుతుంది.

ఇప్పుడు మనం నడిపే ఫ్రెంచ్ లైన్ కూడా 1960ల్లో చమురు వెతికే ఫ్రెంచ్ కంపెనీ కోసం బుల్‌డోజర్లతో తోసిన గీత. బావుల దారి అది కాదు. అందుకే గీత దాటి కొత్త దిబ్బల మీదికి బండి ఎక్కించనివ్వను. పాత బావి ఆనవాళ్లు కనపడితే అక్కడ టెంటు వేయం, రాయి కూడా తీయం. ఇంజన్లు ఆపి, పిల్లలను దింపి, ఇక్కడ మనుషులు నీళ్లు తోడుకునేవాళ్లని చెబుతాను. తర్వాత మళ్లీ రేడియోలో బళ్లు లెక్కపెట్టుకుని, చివరి బండి "రెడీ అన్నా" అన్నాకే కదులుతాం.